అక్క వెనక్కి తిరిగిన రోజు

ఈ ఏడు బడులు తెరిచిన రెండో వారంలో కోదాడలోని మా కేంద్రానికి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. కత్తెరతో టేపు కోసి మూత లేపగానే వాసన గుప్పుమంది. కొత్త ప్లాస్టిక్కు, థర్మాకోలు, తేమ పీల్చడానికి వేసే తెల్లటి చిన్న పొట్లం, అన్నీ కలిసి కొంత మందుల దుకాణంలా, కొంత చెప్పుల దుకాణంలా ఉండే వాసన. లోపల వరసగా ట్యాబులు, ఒక్కోదానికి ఒక చార్జరు, పైన ఒక కాగితం: ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం. నేను ఆ పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ని. సంతోషించాల్సినవాణ్ని. తోటి టీచర్లు పెట్టె పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటే నాకు మాత్రం పళ్లు బిగుసుకున్నాయి. ముప్పయ్యేళ్ల కింద అచ్చం అదే వాసన ఒక చిన్న పెట్టెలో మా ఇంట్లోకి వచ్చింది. వచ్చింది ఊరికే పోలేదు, మా అక్క చదువును వెంటబెట్టుకుని పోయింది. సాగనంపినవాళ్లలో నేనూ ఉన్నాను.

నా పేరు యాదగిరి. పేరులోనే యాది ఉంది, అదీ గుట్టంత. మరిచిపోదామనుకున్న రోజున కూడా ఎవరో ఒకరు పేరు పెట్టి పిలుస్తారు.

మిర్యాలగూడలో మా ఇల్లు ఒక రైసుమిల్లు ప్రహరీగోడ లోపల, రేకుల కప్పు కింద వరసగా కట్టిన ఆరు గదుల్లో చివరిది. నాయిన మిల్లులో యంత్రం నడిపేవాడు. అమ్మ ఆరుబయట గచ్చు మీద ఉడికిన వడ్లు పరిచి పొద్దంతా కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేసేది. వానకాలం పంట కోతకొస్తే చాలు, నిడమనూరు వైపు నుంచీ దామరచర్ల వైపు నుంచీ వడ్ల ట్రాక్టర్లు, లారీలు గేటు ముందు బారులు తీరేవి, మా రేకుల మీదా ఆరేసిన బట్టల మీదా తినే కంచంలోనూ సన్నటి ఊకదుమ్ము పేరుకునేది, నానబోసిన తొట్ల నుంచి పులిసిన నీళ్ల వాసనా, బాయిలరు నుంచి అప్పుడే ఉడికిన వడ్ల కమ్మటి వాసనా ఒకదాన్నొకటి తోసుకుంటూ మా గడప దాకా వచ్చేవి. చలికాలం పొద్దున్నే ఆవిర్లు కక్కే వడ్లను గచ్చు మీద కుమ్మరించగానే మేము పిల్లలమంతా చెప్పుల్లేని కాళ్లు ఆ కుప్పల్లో చీలమండల దాకా దోపుకుని నిలబడేవాళ్లం. అంత మెత్తటి వేడి ఆ తర్వాత ఏ రగ్గులోనూ నాకు దొరకలేదు. అదే గచ్చు ఎండాకాలం పెనమయ్యేది. మధ్యాహ్నం అమ్మ ఇంటికొచ్చి, మసిబారిన అరికాళ్లు తడిబట్ట మీద పెట్టుకుని, నూకల అన్నంలో పచ్చిపులుసు కలిపి మా ఇద్దరికీ ముద్దలు పెట్టేది. ఇద్దరమంటే నేనూ, నాకంటే రెండేళ్లు పెద్దదైన మా అక్క భాగ్య. అక్కకు పుట్టుకతోనే వినపడదు.

మిల్లు మోత సంగతి చెప్పకపోతే మా అక్క సంగతి చెప్పినట్టు కాదు. ఇంజను, బెల్టులు, జల్లెళ్లు, పైకి వడ్లు ఎత్తే డబ్బాల గొలుసు, అన్నీ ఒక్కసారి నడిస్తే పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా మాట దుమ్ములో కలిసిపోయేది. అందుకని అక్కడ ఎవరూ నోటితో మాట్లాడేవాళ్లు కాదు. అంతా చేతులే. భుజం మీద అరచెయ్యి పెడితే బస్తా. అరచేతిలోకి ఉఫ్‌మని ఊదితే ఊక. గోరు చివర గిల్లితే నూక. మోచెయ్యి మీద వేలు జార్చితే బెల్టు జారిందని. లేని మీసం మెలేస్తే సేటు వస్తున్నాడని, ఆ మీసాన్నే కిందికి వంచితే సేటు ఇంట్లో మాటలు పడి వస్తున్నాడని. బస్తాలు మోసే హమాలీలు సేటు ఎదురుగా నిలబడే సేటు మీద జోకులు వేసుకునేవాళ్లు, ఆయన వాళ్లు పనిలో ఎంత మునిగిపోయారో అని మురిసిపోయేవాడు.

వాటన్నిటిలోకీ పెద్ద సైగ ఒకటుంది. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి ఒక్క విసురు. నీ వెనుక బస్తా వస్తోంది, చూడు అని. ఆ సైగ చూస్తే ఎందుకని అడగకూడదు, వెంటనే తిరగాలి. వీపు మీద బరువుతో వంగి పరుగెత్తే మనిషికి ముందున్నవాడు కనపడడు. ఆ సైగను సరదాకు చెయ్యకూడదన్నది మిల్లులో ఎవరూ గోడ మీద రాయని చట్టం. ఆరేళ్లప్పుడు నేనొకసారి ఆటకు చేశాను, ఒక హమాలీ చేతిలో చాయ్ గ్లాసు పారేసి గిర్రున తిరిగాడు. నాయిన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. "దాంతోని పరాష్కాలు ఆడకు కొడుకా. అది అబద్ధం చెప్పిననాడు ఎవని మెడనో ఇరుగుతది" అన్నాడు.

బజారులో అక్కను మూగి అనేవాళ్లు. మిల్లులో ఆ మాట అవసరం పడలేదు. యంత్రం తిరుగుతున్నంతసేపు అక్కడ అందరూ చెవిటివాళ్లే, అందరిలోకీ మాటకారి మా అక్క. నాయినకు సద్ది తీసుకెళ్లి గంటలకొద్దీ అక్కడే కూర్చుని, వాళ్ల సైగలకు తన సైగలు కలిపి, మనుషులకు పేర్లు పెట్టేది. నాయిన పేరు తిరిగే చక్రం. అమ్మ పేరు చాలు తీసే పాదం. నా పేరు మాత్రం నాలుగు వేళ్లూ బొటనవేలూ కలిపి కాకిముక్కులా టకటక తెరిచి మూయడం. వినపడని మనిషికే నేనంత వాగుతానని తెలిసిపోయిందంటే వినపడేవాళ్ల బాధ మీరే ఊహించుకోండి. ఇంకో విద్య కూడా ఉండేది తనకు. ఇనుప స్తంభానికి అరచెయ్యి ఆనించి, మొహం చిట్లించి, నాయిన వైపు వేలు ఊపేది. నాయిన మారుమాట లేకుండా ఇంజను ఆపి చూసేవాడు, ఎక్కడో ఒక బేరింగు అరిగి ఉండేది. "నా చెవులకంటే దాని చెయ్యి నయం" అని చెప్పుకునేవాడు.

బతుకమ్మ పండుగకు మిల్లు ఆడవాళ్లంతా తంగేడు పూలూ గునుగు పూలూ పేర్చి గచ్చు నడుమ పెట్టి తిరుగుతుంటే, నువ్వుల సత్తుపిండి గుప్పిట్లో పట్టుకుని మేము చుట్టూ కూర్చునేవాళ్లం. అక్క వరుసలో అమ్మ వెనుక ఉండేది. పాట వినపడదు, అయినా ఒక్క చప్పట్టు తప్పేది కాదు. ముందున్నవాళ్ల మడమలు చూస్తూ, తన అరికాళ్ల కింద గచ్చు అదిరే లెక్క పట్టుకుని కొట్టేది. పాట అంతా వినపడే నేను చప్పట్లు కొడితే మాత్రం పక్కవాళ్లు లయ మరిచిపోయేవాళ్లు. ఈ చప్పట్ల సంగతి గుర్తుపెట్టుకోండి.

మా మిల్లుకు వడ్లు తోలే లారీ డ్రైవరు సైదులు మామ. ఆయన బిడ్డకూ వినపడదు, జిల్లా కేంద్రంలో చెవిటి పిల్లల బడిలో హాస్టల్లో ఉండి చదివేది. ఒకనాడు ఆయన స్టీరింగు దగ్గర పెట్టుకున్న ఒక కార్డు తీసుకుని దిగాడు.

"బావా, నా బిడ్డ ఉత్తరం రాసింది సూడు. నాయినా, సబ్బులు అయిపోయినయి పంపు, అని. గంతే. సబ్బులు అడిగిందానికి నేను నార్కెట్‌పల్లి కాడ బండి ఆపి ఏడ్సిన."

నాయిన ఆ కార్డును తిప్పి తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు, అయినా చాలాసేపు చూశాడు. "మా భాగ్య గూడ రాస్తదా?"

"ఎందుకు రాయది? ఆడ సార్లంత సేతులతోనే చెప్తరు. మీ మిల్లు లెక్కనే. జర ముందు నువ్వు సీటు అడుగు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరికీ కావలసింది ఒకటే, ఆ బడిలో అక్కకు సీటు. అక్క అప్పటికి నాతోపాటే మూడో తరగతిలో ఉంది, రెండేళ్లు వెనకబడి. సారు నల్లబల్ల వైపు తిరిగి చెప్పే పాఠం తనకు ఒక వీపు, అంతే. అక్షరాలు బొమ్మల్లా అందంగా దించేది, ఏ అక్షరం దేనికో చెప్పే మనిషి లేడు. సైదులు మామ కార్డు చూపించి, నువ్వూ ఇలా రాస్తావు అని నాయిన సైగ చేస్తే, అక్క కార్డు మీద అక్షరాలను వేలితో తడిమి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, నేనా అని అడిగింది.

సీటుకు కాగితం కావాలన్నారు, కాగితం సూర్యాపేటలో పెట్టే శిబిరంలో ఇస్తారన్నారు. నేనూ నాయినా అక్కా తెల్లారకముందే బస్సెక్కాం. ఒక పెండ్లిళ్ల హాల్లో, ముందురోజు పెండ్లి తాలూకు ఎర్రకాగితాల తోరణాలు ఇంకా వేలాడుతుండగా, కుంటివాళ్లనూ గుడ్డివాళ్లనూ చెవిటివాళ్లనూ మూడు వరసల్లో నిలబెట్టారు. మా వంతు మధ్యాహ్నం దాటాక వచ్చింది. డాక్టరు మా మొహాలు చూడకుండానే ఒక చిన్న పెట్టె చేతిలో పెట్టాడు. నాయిన చేతులు కట్టుకుని సీటు సంగతి ఎత్తాడు.

"ముందు ఈ మిషన్ పెట్టండి. సైగలు మాన్పించండి, సైగలుంటే మాటలు రావు. ఆర్నెల్లకు మా వాళ్లు బడికి వచ్చి టెస్టు చేస్తారు. దాన్ని బట్టి సీటు" అన్నాడు డాక్టరు, అప్పటికే వెనుకవాళ్లను రమ్మని చెయ్యి ఊపుతూ. సైగలు మానమన్న మనిషి మమ్మల్ని పంపేసింది సైగతోనే.

పెట్టె తెరిస్తే ఇందాక చెప్పిన వాసన. అగ్గిపెట్టెకు అన్నలాంటి ఒక డబ్బా, దానికొక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే గుండీ. డబ్బాను గుడ్డసంచిలో వేసి రొమ్ము మీద కట్టుకోవాలి. దాని నెత్తిన ఒక చిన్న మీట, మీట పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలు: ఓ, టీ, ఎమ్. ఏది ఏమిటో చెప్పిన మనిషి లేడు. మా గదుల వరసలో ఇంగ్లీషు అక్షరాలు వచ్చిన పండితుణ్ని నేనొక్కణ్నే, ఎనిమిదేళ్లవాణ్ని. చాలా ఆలోచించి తేల్చాను: ఓ అంటే ఒద్దు, టీ అంటే తెలుగు, ఎమ్ అంటే మదరాసు భాష కావచ్చు. "తెలుగుకే పెట్టు. మనకు వేరే భాషలెందుకు?" అన్నాడు నాయిన. టీ మీద పెట్టాం. దసరాకు మిల్లులో యంత్రాలన్నిటికీ పూజ చేసేటప్పుడు అమ్మ ఈ మిషన్‌ను కూడా బెల్టుచక్రం పక్కన పీట మీద పెట్టి, దాని మొహం నిండా పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. మాట లోపలికి పోవలసిన సన్న రంధ్రాలన్నీ పసుపుతో మూసుకుపోయాయి. యంత్రాన్ని మేము అంత గౌరవించాం. యంత్రం ఇచ్చినవాళ్లు మమ్మల్ని పది నిమిషాలు కూడా గౌరవించలేదు. నాకు ఇప్పటికీ నెత్తురు ఉడికేది ఆ పది నిమిషాల గురించే. ఒక్క మనిషి ఒక్క పది నిమిషాలు కూర్చుని, ఇది ఇటు జరపండి, ఇది ఇంతవరకే చేస్తుంది, దీంతోపాటు ఇదీ ఇదీ నేర్పాలి అని చెప్పి ఉంటే. మాకు చెప్పకపోయినా మా సారుకు చెప్పి ఉంటే. వాళ్లు అక్క చెవిలో మిషన్ పెట్టి, మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టారు.

ఆర్నెల్ల పాటు అక్క చేతులను కట్టేశాం. ఇది మాటవరసకు అంటున్నది కాదు. బడిలో పెద్దసారు, "మిషన్ పెట్టినంక ఇంక సైగలేంది? సేతులు కట్టుకో" అని రెండు చేతులూ చంకల్లో పెట్టించేవాడు. ఇంట్లో అక్క వేలు కదిపితే అమ్మ ఆ వేలు మీద మెల్లగా కొట్టి, తాను నోరు పెద్దగా తెరిచి "అ...మ్మ" అని చూపేది, చూపుతూనే కళ్లు తుడుచుకునేది. మిల్లులో కూడా నాయిన, డాక్టరు చెప్పాడని, హమాలీలను బతిమాలాడు, నా బిడ్డతో సైగలు చెయ్యకండి అని. పొద్దస్తమానం మాట్లాడే మా అక్క, రొమ్ము మీద డబ్బా కట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, ఎవరి పెదాలు కదిలితే వాటి వంక చూస్తూ కూర్చునేది. దాన్ని మూగదాన్ని చేసింది పుట్టుక కాదు. మేము చేశాం.

టెస్టు రోజు వచ్చింది. టెస్టును బట్టి సీటు. మాకు తెలిసిన లోకంలో టెస్టు పాసైతే సీటు వస్తుంది, ఫెయిలైతే రాదు. అంతకుమించి అర్థం ఉంటుందని మా నాయినకు తోచలేదు, పెద్దసారుకు తోచలేదు, తరగతిలో మొదటివాణ్నని మిడిసిపడే నాకు అసలే తోచలేదు. పొద్దున్నే పెద్దసారు నన్ను పక్కకు పిలిచాడు.

"అరే యాదగిరి, అక్క పాస్ కావాల్నా వద్దా?"

"కావాలె సార్."

"అయితే నువ్వు ముంగట కూసో, దానికి ఎదురుంగ. ఎనుక సప్పుడైతే జర దానికి తెలిసేటట్టు చెయ్. ఎట్ల జేస్తవో నాకు ఎరుక లేదు."

శిబిరం వాళ్లు ఇద్దరు వచ్చారు. అక్కను గది మధ్యలో కూర్చోబెట్టారు. ఒకాయన వెనుక నిలబడి, నాలుగడుగుల దూరం కొలిచి, చప్పట్లు చరిచాడు. నేను నల్లబల్ల కింద పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. నా బొటనవేలు భుజం మీదుగా వెనక్కి ఒక్క విసురు విసిరాను.

అక్క గిర్రున తిరిగింది. కుర్చీ పడిపోయేంత వేగంగా తిరిగింది. వెనుక బస్తా లేదు, చేతులు కలిపి నవ్వుతున్న మనిషి ఉన్నాడు. మళ్లీ నా వైపు తిరిగి చూసింది. ఆయన మళ్లీ చరిచాడు, నేను మళ్లీ విసిరాను, తను మళ్లీ తిరిగింది. మూడోసారి తిరిగేముందు ఒక్క క్షణం నా కళ్లలోకి చూసింది. అప్పటికి తనకు తెలిసిపోయింది. అయినా తిరిగింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. బతుకమ్మ చుట్టూ ఒక్క చప్పట్టు తప్పని పిల్ల, ఆ చప్పట్ల మధ్య చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం మిల్లు గోడ పక్కన, ఆర్నెల్లలో మొదటిసారి, ఎవరూ చూడకుండా చేతులు బయటికి తీసి నన్ను ఒకే ఒక్కటి అడిగింది. భుజం మీద అరచెయ్యి పెట్టి, ఆ చేతినే గాలిలో తిప్పింది. బస్తా ఏది?

సీటు వస్తుందని చెప్పాను. ఆ జవాబు కూడా అబద్ధమని నెల తర్వాత తేలింది. కాగితం వచ్చింది. నాయిన దాన్ని చదివించుకోవడానికి సైదులు మామ చేతిలో పెట్టాడు.

"ఏం రాసిన్రు? సీటు ఎప్పుడంట?"

"సీటు లేదు బావా. బిడ్డకు ఇనపడుతుందంట. వినికిడి మెరుగుపడింది, మామూలు బడి సాలు అని రాసిన్రు. ఇనపడనోళ్లకే ఆ బడి."

నాయిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంజను దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ టెస్టు చెయ్యమని రెండుసార్లు సూర్యాపేట వెళ్లాడు. రాసింది రాసినట్టే ఉంటుందన్నారు. అక్క ఐదో తరగతి దాకా ఆ వీపులనే చదివి మానేసింది. మా నాయిన పోయేదాకా ఆయనకు ఒక్క ఉత్తరం కూడా రాలేదు, సబ్బులు అడుగుతూ కూడా.

పెద్దయ్యాక నేను ప్రత్యేక పిల్లల చదువులో బీఎడ్ చేశాను. ఎందుకు చేశావని అడిగితే అందరికీ ఏదో ఒక మంచిమాట చెబుతాను. ఒకరోజు క్లాసులో మేడం పాతరకం మిషన్ ఒకటి బల్ల మీద పెట్టి మీట చూపించింది. ఓ అంటే ఆపడం, ఎమ్ అంటే మైకు, టీ అంటే టెలిఫోను, టీ మీద పెడితే ఎదుటి మనిషి మాట వినపడదు అంది. నేను లేచి కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాను.

యంత్రాల మీద నాకు పగ లేదు. మా కేంద్రంలో కళ్లు కనపడని ఒక పిల్లవాడు ఫోనులో పాఠాలు విని నాకే తప్పులు దిద్దుతాడు. చేతులు వంకరపోయి మాట రాని ఒక చిన్నది మోచేత్తో బొమ్మ నొక్కి నీళ్లు అడిగిన రోజు వాళ్లమ్మ ఆ ఒక్కరోజే పదిసార్లు నీళ్లు తాగించింది. నా కోపం యంత్రం ఇచ్చి మనిషిని ఎగ్గొట్టేవాళ్ల మీద. ఈ ఏడు వచ్చిన ట్యాబుల వెంట టీచర్లకు శిక్షణ అన్నారు, ఆ శిక్షణ ఫోనుకు వచ్చిన ఒక లింకు. పగిలితే మీదే బాధ్యత అన్నారు, దాంతో పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఈసారి పసుపు కుంకుమలు లేవు గానీ పూజ మాత్రం అదే. తాళం తీసేది ఒకందుకే, వీడియోకు.

పోయిన నెల పైనుంచి ఫోను వచ్చింది. "యాదగిరి గారూ, మీ దగ్గర వినికిడి సమస్య ఉన్న పాప ఒకరు ఉన్నారు కదా. ట్యాబు వాడుతున్నట్టు ఒక్క నిమిషం వీడియో. రేపటికల్లా అప్‌లోడ్ చెయ్యాలి."

ఆ పాప అఖిల. ఊరు అనంతగిరి, వయసు తొమ్మిదేళ్లు. ట్యాబులో పాఠం ఏమిటంటే, లోపలి గొంతు ఆవు అంటుంది, పిల్లలు ఆవు బొమ్మ నొక్కాలి. వినపడని పిల్లకు విని నొక్కే పాఠం. తయారుచేసినవాళ్లు ఒక్క చెవిటి పిల్లనైనా ఎదుట కూర్చోబెట్టుకోలేదని దాని మొహం మీదే రాసి ఉంది. చేతులతో చెప్పే పాఠం ఒక్కటి పెట్టి ఉంటే ఆ పిల్ల ట్యాబును వదిలేది కాదు.

వాళ్లింటి అరుగు మీద అఖిలను కూర్చోబెట్టి ఫోను నిలబెట్టాను. వాళ్లమ్మ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "సారూ, మీరు ఫోను ఎనకమాల నుంచి ఏలు చూపిస్తే చాలండి, టక్కున నొక్కుద్ది. నొక్కకపోతే ట్యాబు, పింఛను అన్నీ తీసేస్తరంట గదా."

"ఎవరమ్మా చెప్పింది?"

"అందరూ అంటున్నరు సారూ. టెస్టంట గదా ఇది."

ట్యాబు ఆవు అంది. అఖిల నా వంక చూసింది, ఏదో ఒకటి చూపిస్తానని, చూపిస్తే నమ్ముదామని. నా కుడిచెయ్యి తనంతట తానే భుజం దాకా లేచింది. ముప్పయ్యేళ్లైనా దారి మరిచిపోలేదు. దాన్ని పట్టుకుని జేబులో పెట్టాను, రెండోదాన్నీ పెట్టాను. ట్యాబు గేదె అంది, కుక్క అంది, మళ్లీ ఆవు అంది. అఖిల దేన్నీ నొక్కలేదు. నిమిషమంతా నన్నే చూసింది. ఆ వీడియోనే పంపాను. మర్నాడు పైనుంచి మళ్లీ ఫోను వచ్చింది.

"ఏంటి సార్ ఇది, పాప ఊరికే చూస్తూ కూర్చుంది?"

"అవును సార్. ఆమెకు వినపడేది అంతే."

"మీరు పక్క నుంచి కొంచెం గైడ్ చెయ్యాల్సింది."

"ఒకసారి చేసిన సార్, చిన్నప్పుడు."

ఆయనకు అర్థం కాలేదు. రాసుకోవడానికి వేరే మాట ఏదైనా చెప్పమన్నాడు. చేతులతో పాఠం చెప్పే టీచరు కావాలని, ఆ పాప ఏ పరీక్షా పాస్ కాలేదని రాసుకోమన్నాను. రాసుకున్నాడో, పెడచెవిన పెట్టాడో తెలియదు.

ఆ ఆదివారం సూర్యాపేట వెళ్లాను. అక్క అక్కడ బట్టలు కుడుతుంది. వేలు కదిపితే కొట్టే కాలం పోయాక, వీడియో కాల్ వచ్చాక, ఊళ్లో ఉన్న నలుగురు చెవిటి స్నేహితుల దగ్గర అసలైన సైగలు నేర్చుకుంది, మిల్లు సైగలను కూడా వదల్లేదు. నాకు తను పంపే మెసేజుల్లో ఒక్క అక్షరం ఉండదు. అన్నీ చేతులే. కుట్టుమిషను దగ్గర ఫోను నిలబెట్టి వీడియో కాల్‌లో అఖిలను చూపించాను. అక్క ఆ పిల్లకు మిల్లు సైగలు నేర్పుతుంటే అరగంట సేపు ఇద్దరూ నన్ను మరిచిపోయారు. చివరికి ఆ పిల్ల అక్కకు నా గురించి ఏదో చెప్పి కాకిముక్కు చేసి చూపింది, అక్క కడుపు పట్టుకుని నవ్వింది. నేను తిరిగి వెళ్లకముందే నా పేరు అనంతగిరి చేరింది.

ఫోను పెట్టేశాక వీడియో సంగతి చెప్పాను. బొటనవేలు చూపలేదా అని అడిగింది. లేదన్నాను. అక్క లేచి గూట్లోంచి ఒక చిన్న పెట్టె తెచ్చింది. ఆ పెట్టే. ఇప్పుడు దాన్నిండా గుండీలు. గుండీల అడుగున, మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం ఉంది. అమ్మ పోయాక తను తెచ్చి దాచుకుందట. దాని మీద ఏం రాసి ఉందో చదివి చెప్పమంది. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదట. నేను ఒక్కో మాటా చేతుల్లోకి మార్చాను. చెవి. వినడం. మంచిగైంది. వేరే బడి అక్కర్లేదు. అక్క నా చేతులను చివరిదాకా చూసి, కాగితాన్ని మళ్లీ గుండీల కింద పెట్టి మూతేసి, భుజం మీద అరచెయ్యి పెట్టి, ఆ చేతినే గాలిలో తిప్పింది.

బస్తా ఏది?

తిరుగుదారిలో కోదాడ బస్సు ఎక్కకుండా మిర్యాలగూడ వెళ్లాను. మా రేకుల గదులు లేవు. గచ్చు మీద వడ్లు తిరగేసే పాదాలు లేవు, యంత్రమే ఆరబెడుతుంది. పెద్ద రేకుల షెడ్డులో కంప్యూటరు బియ్యపు గింజలను రంగు చూసి వేరుచేస్తోంది, దాని ముందున్న నలుగురు కుర్రవాళ్లూ చెవుల్లో దూది లాంటివేవో పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. గేటు దగ్గర ముసలి హమాలీ ఎవరైనా ఉన్నారేమోనని భుజం మీద చెయ్యి పెట్టి చూపించాను. కాపలా మనిషి, భుజం నొప్పా సార్ అని అడిగాడు.

ఆ భాష మాట్లాడే చేతులు నాకు తెలిసి ఇప్పుడు మూడు జతలు మిగిలాయి. అక్కవి, అఖిలవి, నావి. వాటిలో నావి ఒకసారి అబద్ధం ఆడాయి. మరోసారి ఆడించమని నిన్న కూడా ఫోను వచ్చింది.